కొత్త ఓఎస్ వేసే ముందు మీ పాటను బయటికి తీసి పెట్టుకోండి

(సొంత స్టూడియోలు నడుపుకునే కీబోర్డ్ ప్రోగ్రామర్లు, మిక్సింగ్ ఇంజనీర్లు కలుసుకున్నప్పుడు ఒక సౌండ్ ఇంజనీర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం. ఓఎస్ అంటే కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినబడుతోందా? సరే.

నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, కొత్త ఓఎస్ వచ్చింది, అప్‌డేట్ కొట్టమంటావా?" నేను ముందు అడిగేది వాళ్ళ దగ్గర ఏ మాక్ ఉంది, పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్ క్యూబేస్‌లో ఏ వెర్షన్ ఉంది అని కాదు. చేతిలో పని ఏముంది అని అడుగుతాను. పాట సగంలో ఉందంటే వద్దని చెప్పి పెట్టేస్తాను. ఖాళీగా ఉన్నానంటే అప్పుడు కూర్చుని మాట్లాడతాను. ఎందుకిలా అంటున్నానో అర్థం కావాలంటే 2019లో నాకు జరిగింది చెప్పాలి, మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

మన పని క్యాలెండర్ మీకు తెలిసిందే. వినాయక చవితి దాటిందంటే బతుకమ్మ పాటలు, అవి అయ్యాయో లేదో అయ్యప్ప పాటలు, నవంబర్ నుంచి క్రిస్మస్ పాటలు. ఏడాది మొత్తంలో స్టూడియో లైటు ఆరని నెలలు అవే. ఆపిల్ కొత్త ఓఎస్ వదిలేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. 2019లో కాటలీనా అక్టోబర్ 7న వచ్చింది, మర్నాడే దసరా. 2025లో టాహో సెప్టెంబర్ 15న వచ్చింది, ఆ వారం దాటగానే ఎంగిలిపూల బతుకమ్మ. వాళ్ళకు మన పండుగలతో సంబంధం లేదు, కానీ దెబ్బ తగిలేది మాత్రం మన పండుగ పాటలకే.

ఆ దసరా రోజు స్టూడియోలో ఆయుధ పూజ చేసుకున్నాం. మానిటర్లకు, కీబోర్డుకు, మైక్ స్టాండుకు పసుపు కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బతుకమ్మ పని ఒడ్డెక్కింది కదా అని మంచిరోజు చూసుకుని కాటలీనా వేశాను. గంటకు పైనే పట్టింది. సిస్టమ్ ఆన్ అయింది, అన్నీ బాగానే కనిపించాయి. సాయంత్రం ఒక అయ్యప్ప పాట సెషన్, అంటే ఆ పాట ట్రాకులన్నీ ఉన్న ప్రాజెక్ట్, తెరిచాను. దాదాపు పూర్తయిన పాట అది, మిక్సింగ్ మాత్రమే మిగిలింది. తెరవగానే ఒక పెట్టె వచ్చింది, అందులో ఈ ప్లగిన్ దొరకలేదు, ఈ ప్లగిన్ దొరకలేదు అంటూ ఏడు పేర్లు ఉన్నాయి. ప్లగిన్ అంటే పాట సాఫ్ట్‌వేర్ లోపలికి ఎక్కించుకునే వాయిద్యమో, ఎఫెక్టో. ఓకే కొట్టి స్పేస్ బార్ నొక్కాను. తబలా వస్తోంది, గొంతు వస్తోంది, కోరస్ వస్తోంది. పల్లవి అయ్యాక ఎనిమిది బార్లు సన్నాయి ఉండాలి. అక్కడికి వచ్చేసరికి తబలా ఒక్కటే మోగుతోంది. తెర మీద చూస్తే సన్నాయి ట్రాక్‌లో నోట్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి, ఒక్కో గమకానికి నేను గీసిన పిచ్ బెండ్ గీతలు కూడా ఉన్నాయి, కర్సర్ వాటి మీదుగా వెళ్తోంది, మీటర్ మాత్రం కదలట్లేదు.

ఇది కాస్త ఆగి చూడాల్సిన విషయం. గొంతు ఎందుకు బతికింది? అది వేవ్ ఫైల్ కాబట్టి. మైక్ ముందు పాడింది పాడినట్టు డిస్క్ మీద అంకెలుగా ఉంది, దాన్ని ఏ సిస్టమైనా వాయిస్తుంది. సన్నాయి ఎందుకు పోయింది? అక్కడ సన్నాయి ఏనాడూ లేదు కాబట్టి. అక్కడున్నది "ఈ స్వరం, ఇంతసేపు, ఇంత గట్టిగా" అనే రాత మాత్రమే. ఆ రాత చదివి సన్నాయిగా వాయించే సాఫ్ట్‌వేర్ వేరే ఉంది, అది ఆ రోజు పొద్దున పోయింది. అది చేసిన కంపెనీ చిన్నది, అప్పటికే ఆ ప్లగిన్‌ని పట్టించుకోవడం మానేసింది. నా దగ్గర మిగిలింది ఆ పాట రాసినాయనకు వాట్సాప్‌లో పంపిన ఎంపీ3. వేరే లైబ్రరీతో మళ్ళీ చేసి పంపిస్తే ఆయన మొదటి మాటే "సన్నాయి మారింది కదా" అన్నాడు. చెవి అలాంటిది, దాన్ని మోసం చేయలేం. వెనక్కి వెళ్దామంటే నేను బ్యాకప్ తీసుకున్నది పాటల ఫోల్డర్లకే, సిస్టమ్‌కి కాదు. డిస్క్ మొత్తం తుడిచి, కాటలీనాకు ముందు ఓఎస్ మొహావీ ఎక్కించి, ప్లగిన్లు ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే రెండున్నర రోజులు పట్టింది.

జరిగిందేంటంటే, కాటలీనాలో ఆపిల్ 32 బిట్ ప్రోగ్రాములను పూర్తిగా ఆపేసింది. 32 బిట్ ప్రోగ్రాముకు ఒక్కసారికి అందే మెమరీ 4 జీబీ. మనం వాడే పియానో లైబ్రరీ ఒక్కటే అంతకంటే పెద్దది ఉంటుంది, కాబట్టి అందరూ 64 బిట్‌కి రావాల్సిందే, అందులో తప్పు పట్టడానికేం లేదు. సంగీతం సాఫ్ట్‌వేర్లు కూడా అప్పటికే వచ్చేశాయి. ప్రో టూల్స్ 2013లోనే 11వ వెర్షన్‌తో 64 బిట్‌కి మారి ఆర్‌టీఏఎస్ అనే పాత రకం ప్లగిన్లను వదిలేసింది, క్యూబేస్ 2016 చివర్లో 9వ వెర్షన్ నుంచి 32 బిట్‌ని వదిలేసింది. కానీ మన దగ్గర ఏమైందంటే, మధ్యలో వంతెన లాంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. జెబ్రిడ్జ్ అని, మాక్‌లో 32 లైవ్స్ అని. పాత ప్లగిన్‌ని వేరే గదిలో కూర్చోబెట్టి అక్కడి నుంచి శబ్దాన్ని మన సెషన్‌లోకి లాక్కొస్తాయి. నేనూ అలాగే నడిపించాను. పని జరుగుతున్నన్నాళ్ళూ ఏ ప్లగిన్ వంతెన మీద ఉందో, ఏది నేల మీద ఉందో చూసుకోలేదు. మాక్‌లో ఆ వంతెన కింద నేలే 32 బిట్. కాటలీనా నేలనే తీసేసింది.

మొహావీలో చూసుకునే దారి కూడా ఉండేది. సిస్టమ్ రిపోర్ట్ తెరిస్తే ఎడమ పక్కన లెగసీ సాఫ్ట్‌వేర్ అని ఒక వరస ఉంటుంది, అక్కడ నొక్కితే 32 బిట్ ప్రోగ్రాములు కనబడతాయి. ఒక్క నిమిషం పని. నేను చూడలేదు.

ఇప్పుడు "కంపాటిబుల్" అనే మాట దగ్గరికి వద్దాం. కొత్త ఓఎస్ రాగానే ప్రతి కంపెనీ ఒక పట్టిక పెడుతుంది, పచ్చ టిక్కు పెట్టి మా ప్రొడక్ట్ కంపాటిబుల్ అంటుంది. ఆ మాట అబద్ధం కాదు. కానీ అది వాళ్ళ ఒక్క ప్రొడక్ట్ గురించి వాళ్ళు చెప్పే మాట. మీ పాట ఒక్క ప్రొడక్ట్ కాదు కదా. కింద ఓఎస్, దాని మీద సౌండ్ కార్డ్ డ్రైవర్, దాని మీద క్యూబేసో లాజిక్కో, దాని కడుపులో పది కంపెనీల ప్లగిన్లు ముప్పై, ఒక్కో ప్లగిన్ వెనక దాని లైసెన్స్ చూసే ఇంకో ప్రోగ్రామ్. వీటిలో ఏ ఒక్కటి జారినా మీ పాట నిన్న వినబడినట్టు ఇవాళ వినబడదు. అన్ని కంపెనీలూ పచ్చ టిక్కు పెట్టేదాకా మీ సెషన్‌కి పచ్చ టిక్కు లేనట్టే.

పైగా కొన్ని చోట్ల తప్పు జరిగినట్టు కూడా తెలియదు. 2018లో మొహావీ వచ్చినప్పుడు మైక్ వాడాలంటే ప్రతి ప్రోగ్రామూ మన పర్మిషన్ అడగాలని రూల్ పెట్టారు. మంచి రూలే, మన ఇంట్లో మాటలు ఎవడు పడితే వాడు వినకుండా. కానీ కొన్ని పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్లకు ఆ పర్మిషన్ అడగడమే రాదు. అడగలేదు కాబట్టి సిస్టమ్ ఇవ్వలేదు. అప్పుడు ఎర్రర్ ఏమీ రాదు, రికార్డ్ బటన్ ఎర్రగా వెలుగుతుంది, ట్రాక్ మీద బ్లాక్ ఏర్పడుతూ పోతుంది, ఆపి వింటే నిశ్శబ్దం. కరీంనగర్ నుంచి సింగర్‌ని పిలిపించుకుని బూత్‌లో నిలబెట్టినవాడికి కేబుల్ పోయిందా, మైక్‌కి కరెంటిచ్చే ఫాంటమ్ పవర్ పడలేదా, మైక్ శబ్దాన్ని పెంచే ప్రీఆంప్ పోయిందా అని గంట గడిచిపోతుంది. ఇప్పటికీ కొత్త మాక్‌లో మీకు మైక్ రావట్లేదంటే ముందు సెట్టింగ్స్‌లో ప్రైవసీలో మైక్రోఫోన్ దగ్గర మీ సాఫ్ట్‌వేర్ పేరు పక్కన స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, ఆ తర్వాతే కేబుల్ జోలికి వెళ్ళండి.

సరే, ఇప్పుడు అందరి చేతిలో ఉన్నది ఎం సిరీస్ మాక్‌లు కాబట్టి వాటి గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

2020 నవంబర్‌లో ఆపిల్ సొంత చిప్ ఎం1 వచ్చింది. ఇంటెల్ చిప్ భాష వేరు, ఈ చిప్ భాష వేరు. పాత ఇంటెల్ ప్రోగ్రాములు నడవాలని రోసెట్టా 2 అనే అనువాదకుడిని లోపల పెట్టారు. చాలా బాగా పనిచేస్తుంది, అందుకే మనకు దాని సంగతే గుర్తుండదు. ఇది చూడండి. (తెర మీద చూపిస్తూ) అప్లికేషన్స్ ఫోల్డర్‌లో మీ సాఫ్ట్‌వేర్ మీద రైట్ క్లిక్ చేసి గెట్ ఇన్ఫో కొట్టండి. కైండ్ అని ఉన్న చోట "అప్లికేషన్, యూనివర్సల్" అని ఉంటే అది రెండు భాషలూ తెలిసినది. "ఇంటెల్" అని మాత్రమే ఉంటే దానికి అనువాదకుడు లేకపోతే నోరు లేదు. యూనివర్సల్ అని ఉన్నచోట కింద "ఓపెన్ యూజింగ్ రోసెట్టా" అని చిన్న గడి ఉంది చూశారా? ఎప్పుడో ఒక పాత ప్లగిన్ కోసం దాంట్లో టిక్కు పెట్టి మర్చిపోయినవాళ్ళు ఈ గదిలో కూడా ఉంటారు. ఇంటికెళ్ళి చూసుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకే ప్రోగ్రామ్ లోపల రెండు భాషలు కలిసి నడవవు. క్యూబేస్ నేరుగా కొత్త భాషలో నడుస్తుంటే దాని లోపలికి ఇంటెల్ ప్లగిన్ ఎక్కదు. మొత్తం క్యూబేస్‌నే రోసెట్టాలో తెరిస్తే అప్పుడు ఎక్కుతుంది. లాజిక్ మాత్రం వేరే పద్ధతి పెట్టుకుంది, ఇంటెల్ ఆడియో యూనిట్ ప్లగిన్లను, అంటే ఆపిల్ రకం ప్లగిన్లను, పక్కన వేరే ప్రాసెస్‌లో నడిపిస్తుంది, కాబట్టి అక్కడ పాతవి కూడా కనబడతాయి. అందుకే మీ ఫ్రెండ్ లాజిక్‌లో "నాకు బాగానే వస్తోంది" అంటాడు, అదే ప్లగిన్ మీ క్యూబేస్‌లో రాదు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. క్యూబేస్ వాళ్ళకు ఇంకో మాట: 12వ వెర్షన్ నుంచి ఆపిల్ చిప్ మీద నేరుగా నడిపితే వీఎస్‌టీ3 అనే కొత్త రకం ప్లగిన్లే తీసుకుంటుంది, పాత రకం వీఎస్‌టీ2 తీసుకోదు. క్యూబేస్ చేసే కంపెనీ స్టైన్‌బర్గ్ వీఎస్‌టీ2 డెవలపర్ కిట్ ఇవ్వడం 2018లోనే ఆపేసింది. మీ పాత సెషన్లో ఉన్నది ఒకే పేరుతో ఉన్న వీఎస్‌టీ2 వెర్షన్ అయితే, మీ సిస్టమ్‌లో వీఎస్‌టీ3 ఉన్నా అది దానంతట అదే ఆ స్థానంలో కూర్చుంటుందన్న గ్యారంటీ లేదు, కొన్ని కూర్చుంటాయి, కొన్ని కూర్చోవు.

మరి ఈ అనువాదకుడు ఎన్నాళ్ళుంటాడు? ఇంతకుముందు ఒకసారి చూశాం. 2006లో మాక్‌లు పవర్‌పీసీ చిప్ నుంచి ఇంటెల్‌కి మారినప్పుడు మొదటి రోసెట్టా వచ్చింది, 2011లో లయన్ ఓఎస్‌తో దాన్ని తీసేశారు. ఈసారి కూడా ఆపిల్ ముందే చెప్పింది. 2025 జూన్‌లో చెప్పిన దాని ప్రకారం ఇంటెల్ మాక్‌లకు టాహోనే ఆఖరి ఓఎస్, రోసెట్టా మాక్‌ఓఎస్ 27 వరకే ఉంటుంది, ఆ తర్వాత కొన్ని పాత గేమ్‌ల కోసం తప్ప ఉండదు. అంటే మీ సెషన్లలో ఇంటెల్ ప్లగిన్లు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోవాల్సింది ఇప్పుడు. అది పోయిన రోజు కాదు.

పెద్ద అప్‌డేట్ అంటే అందరూ కాస్త జాగ్రత్తపడతారు. చిన్నదాన్ని ఎవరూ లెక్కచేయరు. 14.3 నుంచి 14.4, ఏముంది అందులో, ఇమోజీలు ఏవో వచ్చుంటాయి అనుకుంటాం. మాక్‌ఓఎస్ సొనోమా 14.4 వచ్చింది 2024 మార్చి 7న, మర్నాడు శివరాత్రి. అది వేసుకున్నవాళ్ళలో చాలామందికి కాపీ ప్రొటెక్షన్ ఉన్న ఆడియో యూనిట్ ప్లగిన్లు తెరుచుకోలేదు, కొందరికి సాఫ్ట్‌వేరే మూసుకుపోయింది. ఐలాక్ అనే లైసెన్స్ తాళంతో నడిచే ప్లగిన్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అది కూడా రోసెట్టాలో నడిపేవాళ్ళకు కాదు, కొత్త చిప్ మీద పద్ధతిగా నేరుగా నడిపేవాళ్ళకు తగిలింది. డబ్బు పెట్టి కొన్న ప్లగిన్, కంపెనీ పచ్చ టిక్కు పెట్టిన ప్లగిన్, నిన్నటిదాకా అదే సొనోమాలో నడిచిన ప్లగిన్. ఆపిల్ మార్చి 25న 14.4.1 వదిలి, కాపీ ప్రొటెక్షన్ ఉన్న ఆడియో యూనిట్లు తెరుచుకోని సమస్యను సరిచేశామని తన నోట్‌లోనే రాసింది. మధ్యలో పద్దెనిమిది రోజులు. పద్దెనిమిది రోజుల్లో ఒక సినిమా రీరికార్డింగ్ అయిపోతుంది.

అందుకే నేను ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపి పెట్టుకోమంటాను. సెక్యూరిటీ కోసం వచ్చే చిన్న ప్యాచ్‌లు పడనివ్వండి, ఓఎస్ వెర్షన్ మారేది మాత్రం మీరు కూర్చుని, మీ చేత్తో, పని లేని రోజు చేయండి. "టునైట్" అని ఒక బటన్ చూపిస్తుంది చూశారా, దాని జోలికి పోవద్దు.

ఇక సౌండ్ కార్డుల సంగతి. మన స్టూడియోల్లో పదిహేనేళ్ళ నాటి ఫైర్‌వైర్ అనే పాత రకం కనెక్షన్ ఉన్న సౌండ్ కార్డులు ఇంకా ఉన్నాయి. వాటి ప్రీఆంప్‌లు ఇవాళ్టికీ బంగారం లాంటివి. ఫైర్‌వైర్ కేబుల్‌కి ఒక అడాప్టర్, దానికి ఇంకో అడాప్టర్ తగిలించి థండర్‌బోల్ట్ దాకా తెచ్చి నడిపించినవాళ్ళు ఉన్నారు, నేను చూశాను, వాళ్ళ ఓపికకు దండం పెట్టాను. టాహోతో మాక్‌లో ఫైర్‌వైర్ సపోర్ట్ పోయింది. ఎన్ని అడాప్టర్లు పెట్టినా లాభం లేదు. ఆ కార్డు మీద ప్రాణం ఉన్నవాళ్ళు ఆ మాక్‌ని టాహోకు ముందు ఓఎస్ సెకోయా దగ్గరే ఆపేయండి. లేదంటే దానికి ఏడాట్ ఆప్టికల్ అవుట్, అంటే శబ్దాన్ని వెలుతురు కేబుల్‌లో పంపే దారి, ఉందేమో చూడండి, ఉండి, కంప్యూటర్ లేకుండా తనంతట తాను నడిచే మోడల్ అయితే కొత్త కార్డుకు ఆప్టికల్ కేబుల్ వేసి ప్రీఆంప్‌గా వాడుకోవచ్చు. అలా ఒక ఎనిమిది చానళ్ళ కార్డుని నేను బతికించాను, ఇవాళ్టికీ డప్పుల మైకులు దాంట్లోకే వెళ్తాయి.

కొత్తగా కార్డు కొనేవాళ్ళకు నా మాట ఒక్కటే, క్లాస్ కంప్లయంట్ అని ఉందో లేదో అడిగి కొనండి. అంటే సొంత డ్రైవర్ లేకుండా ఓఎస్‌లో ఉన్న మామూలు యూఎస్‌బీ ఆడియో డ్రైవర్‌తోనే మాక్‌లో నడుస్తుందని అర్థం. కంపెనీ రేపు పట్టించుకోకపోయినా మీ కార్డు శబ్దం ఇస్తుంది. సొంత కెర్నెల్ ఎక్స్‌టెన్షన్, అంటే ఓఎస్ గుండెలోకే ఎక్కే డ్రైవర్, కావాలనే కార్డయితే, ఎం సిరీస్ మాక్‌లో రికవరీలోకి వెళ్ళి సెక్యూరిటీని ఒక మెట్టు దించితే తప్ప అది ఎక్కదు. స్టూడియో మెషీన్‌కి అది నాకు నచ్చదు.

విండోస్ వాళ్ళకు కథ కొంచెం వేరు. మైక్రోసాఫ్ట్ పాతవాటిని అంత తొందరగా వదలదు, 32 బిట్ ప్రోగ్రాములు విండోస్ 11లో కూడా నడుస్తాయి, అందుకు నేను వాళ్ళను మెచ్చుకుంటాను. అక్కడ ఇబ్బంది ఎక్కువగా డ్రైవర్ల దగ్గర వస్తుంది. ఆలస్యం లేకుండా శబ్దం ఇచ్చే మంచి ఏఎస్‌ఐఓ డ్రైవర్ లేకపోతే కీ నొక్కిన కాసేపటికి శబ్దం వస్తుంది, దాంతో పాట వాయించలేం. విండోస్ 11లో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ అని ఒక స్విచ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే కొన్ని పాత డ్రైవర్లను లోడ్ అవనివ్వదు. కార్డు కనబడకపోతే ముందు ఆ స్విచ్ మీ కార్డు డ్రైవర్‌ని ఆపుతోందేమో చూడండి, ఆపుతుంటే కంపెనీ కొత్త డ్రైవర్ ఇచ్చిందేమో వెతకండి. స్విచ్ ఆపేయడం తేలికే, కానీ ఆ మెషీన్‌లోనే బ్యాంకు పనులు కూడా చేసేవాళ్ళు ఆపొద్దు.

డబ్బు కట్టకుండా లైసెన్స్ తాళం పగలగొట్టి వాడే క్రాక్ ప్లగిన్ల గురించి కూడా మాట్లాడాలి. ఎవరి పేర్లూ అడగను. కానీ కొత్త ఓఎస్‌లో ముందు పడిపోయేవి అవే. కాటలీనా నుంచి ఆపిల్ ప్లగిన్లకు కూడా నోటరైజేషన్ అంటూ చెకింగ్ పెంచింది, ఎం సిరీస్ చిప్ మీద నేరుగా నడిచే ఏ కోడ్‌కైనా సంతకం ఉండి తీరాలి. లోపల కెలికిన ప్లగిన్‌కి ఆ సంతకం చెదిరిపోతుంది. అది నడవాలని టెర్మినల్‌లో ఏవేవో కమాండ్లు కొడతారు, ఒక్కోటి సిస్టమ్ తాళాన్ని ఒక్కోటి ఊడదీస్తుంది. తర్వాత ఫోన్ చేసి "కొన్న ప్లగిన్ కూడా రావట్లేదన్నా" అంటారు. నేనేం చేయగలను? ప్రొడ్యూసర్ దగ్గర అడ్వాన్స్ తీసుకుని చేసే పాటను అలాంటి పునాది మీద నిలబెట్టొద్దు. డబ్బు లేకపోతే సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ప్లగిన్లతో చేయండి. లాజిక్‌తో వచ్చే ఈక్యూ, కంప్రెసర్లతోనే ఎన్నో పాటలు బయటికి వచ్చాయి.

కొన్నవి కూడా శాశ్వతం కాదు, అది వేరే బాధ. క్యూబేస్ 11, అంతకుముందు వెర్షన్లకు ఈలైసెన్సర్ డాంగిల్ ఉండేది, యూఎస్‌బీకి తగిలించే లైసెన్స్ తాళం, గుర్తుంది కదా. స్టైన్‌బర్గ్ 2025 మే 20తో ఆ సర్వీసే మూసేసింది. పాత వెర్షన్‌ని కొత్తగా యాక్టివేట్ చేసుకునే దారి ఇప్పుడు లేదు. మీ దగ్గర బాక్సు ఉంది, బిల్లు ఉంది, పాత సెషన్లున్నాయి, అయినా అంతే.

అందుకని నేను ఏం చేస్తానో చెప్తాను. కాస్త విసుగు పుట్టించే పని, కానీ 2019 తర్వాత ఒక్క పాటకు కూడా మానలేదు.

పాట ఓకే అయిన రోజే, మాస్టర్ పంపిన సాయంత్రమే, ప్రతి ట్రాక్‌నీ వేవ్‌గా బయటికి తీస్తాను. సాఫ్ట్‌వేర్ వాయిద్యం ఉన్న ప్రతి ట్రాక్ రెండుసార్లు తీస్తాను, ఒకటి ఎఫెక్టులు లేకుండా పొడిగా, ఇంకోటి ఎఫెక్టులతో. పొడిది ఎందుకంటే రేపు రివర్బ్ మార్చాలంటే తడిదాన్ని ఆరబెట్టలేం. అన్నీ మొదటి బార్ మొదటి బీట్ నుంచే మొదలవ్వాలి, సన్నాయి రెండో నిమిషంలో వచ్చినా సరే ఫైల్ మాత్రం సున్నా నుంచి ఉండాలి. అప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా అన్నిటినీ లాక్కొచ్చి ఎడమ అంచుకు ఆనిస్తే పాట అతుక్కుంటుంది. ఫైల్ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, వాయిద్యం పేరు స్పష్టంగా పెట్టండి. "ఆడియో 47" అని ఉంటే మూడేళ్ళ తర్వాత అదేంటో మీకే తెలియదు. టెంపో ఎంతో, శ్రుతి ఏదో ఫోల్డర్ పేరులోనే రాయండి. మధ్యలో టెంపో మారే పాటైతే మిడి ఫైల్ కూడా ఎక్స్‌పోర్ట్ చేయండి, టెంపో మ్యాప్ అందులో వస్తుంది, నోట్లూ వస్తాయి. ఏ ప్లగిన్‌లో ఏ ప్రీసెట్ వాడారో ముఖ్యమైన వాటికి స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోల్డర్‌లో పడేయండి.

జాగా చాలదంటారు. లెక్క చూద్దాం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ నిమిషానికి సుమారు 17 ఎంబీ. ఐదు నిమిషాల పాటకు ఒక ట్రాక్ 86 ఎంబీ. నలభై స్టీరియో ట్రాకులుంటే మూడున్నర జీబీ. రెండు రకాలుగా తీసినా ఏడు జీబీ. మీ ఫోన్‌లో పెళ్ళి వీడియోలు అంతకంటే ఎక్కువ ఉంటాయి. రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టండి, ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో.

ఈ పని ఓఎస్ మార్చాక చేద్దాం అనుకుంటే కుదరదు, ఎందుకంటే అన్నీ మోగుతున్న సిస్టమ్ మీదే అన్నీ బయటికి వస్తాయి.

సరే, ప్రశ్నలు. అక్కడ, నీలం చొక్కా తమ్ముడు.

(ప్రశ్న: అన్నా, నాది విండోస్ 10 పీసీ. విండోస్ 11 ఎక్కదంటోంది. ఊళ్ళో చర్చి పాటలు, జానపదాలు చేస్తుంటాను. పీసీ మార్చాల్సిందేనా?)

వద్దు తమ్ముడూ, భయపడకు. నీ పీసీలో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదో, లేదా ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతదో అయ్యుంటుంది, అందుకే ఎక్కదంటోంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అయిపోవడం అంటే పీసీ ఆగిపోవడం కాదు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోవడం. ఇళ్ళలో వాడేవాళ్ళకు ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 వరకు తీసుకునే పథకం కూడా మైక్రోసాఫ్ట్ పెట్టింది. నేను నీ స్థానంలో ఉంటే ఆ పీసీని సంగీతానికి మాత్రమే ఉంచుకుని ఇంటర్నెట్ పీకేస్తాను. బ్రౌజింగ్, మెయిల్, డబ్బులు పంపడం అన్నీ ఫోన్‌లో. ఒక్కటి చూసుకో, నీ ప్లగిన్లలో మధ్య మధ్యలో ఆన్‌లైన్‌లో లైసెన్స్ చెక్ చేసుకునేవి ఉంటే అవి కొన్నాళ్ళకు అడుగుతాయి. అలాంటివి ఏవో ముందే తెలుసుకుని ఆ ట్రాకులు వేవ్‌గా తీసి పెట్టుకో. వచ్చే డబ్బుల్లో కొంచెం కొంచెం దాచుకుని కొత్తది తీసుకున్న రోజున కూడా పాతదాన్ని అమ్మేయకు, ఒక ఏడాది పక్కనే ఉంచు.

చివర్లో అమ్మా, మీరు చెప్పండి.

(ప్రశ్న: నేను నిన్ననే టాహో వేసేశాను సార్. సగం ప్లగిన్లు రావట్లేదు. ఇప్పుడేం చేయాలి?)

ముందు పాత సెషన్లు తెరిచి సేవ్ మాత్రం కొట్టకండి. ప్లగిన్ లేని స్థితిలో సేవ్ చేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ ప్లగిన్ సెట్టింగులను పట్టుకునే ఉంచుతాయి, కొన్ని ఉంచవు, మనం పందెం కాయొద్దు. సెషన్ ఫోల్డర్‌ని కాపీ తీసి ఆ కాపీనే తెరవండి. రాని ప్లగిన్ల పేర్లు కాగితం మీద రాయండి. ఒక్కో కంపెనీ దగ్గర కొత్త వెర్షన్ ఉందేమో చూడండి, చాలావాటికి ఉంటుంది, మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది. ఐలాక్ మేనేజర్ కూడా కొత్తది వేయండి. లాజిక్ అయితే ప్లగిన్ మేనేజర్‌లో ఫెయిల్ అయినవాటిని సెలెక్ట్ చేసి రీస్కాన్ కొట్టండి. క్యూబేస్ అయితే బ్లాక్‌లిస్ట్ చూడండి, మొదటిసారి క్రాష్ అయినందుకు మంచి ప్లగిన్ కూడా అందులో పడి ఉంటుంది.

అయినా రావట్లేదంటే, మీ మాక్ సెకోయాతోనో అంతకంటే పాతదాంతోనో వచ్చిందా? ఏ ఓఎస్‌తో కొన్నారో దానికంటే కిందికి మాక్ దిగదు, అందుకే అడుగుతున్నాను. ఎం2, సెకోయా కంటే ముందు కొన్నదా, అయితే మంచిది. డిస్క్ యుటిలిటీలో ఇంకో ఏపీఎఫ్ఎస్ వాల్యూమ్, అంటే అదే డిస్క్‌లో ఇంకో విడి భాగం, చేసుకోండి, ఉన్నది తుడవక్కర్లేదు. దాంట్లో సెకోయా వేసి, రానివి ఏవో ఆ ప్లగిన్లు మాత్రమే ఎక్కించండి. కొన్ని లైసెన్సులు దాన్ని కొత్త మెషీన్ కింద లెక్కపెడతాయి, కాబట్టి యాక్టివేషన్లు ఎన్ని మిగిలాయో ముందు చూసుకోండి. అక్కడ బూట్ చేసి, సెషన్ తెరిచి, అన్నీ మోగుతున్నాయని చెవితో విన్నాక, ఆ సాయంత్రమే అన్నీ వేవ్‌గా తీసేయండి.

ఏ పాట అది? వచ్చే నెల రిలీజా? అయితే రేపు పొద్దున మాక్ పట్టుకుని రండి, హార్డ్ డిస్క్ కూడా తెచ్చుకోండి, కూర్చుని తీసేద్దాం.